సగం బ్లేడు గారికి ఒక ఉత్తరం

కిటికీ గూట్లో కాగితం చుట్టుకుని పడుకున్న శ్రీయుత సగం బ్లేడు గారికి,

గడ్డాలు గీసీ గీసీ రిటైరై, రెండు ముక్కలై, ఇంట్లో పెద్దవాళ్ళ కాలిగోళ్ళ పని నెత్తినేసుకున్నారు. మంగళ, శుక్రవారాలు సెలవు. మిగతా అయిదు రోజుల గురించే మా గోడు.

డెబ్బై దాటిన తాతగారి బొటనవేలి గోరు కుర్రాళ్ళ గోరు కాదండీ. కుర్రాళ్ళకే కాలిగోరు నెలకు మిల్లీమీటరున్నర పెరిగితే గొప్ప, ఈయనకు అదీ లేదు. పెరుగుదల తగ్గి మందం ఎక్కుతుంది, పసుపుబారుతుంది, వదిలేస్తే పొట్టేలు కొమ్ములా మెలి తిరుగుతుంది. దాన్ని మీరు ఎండు కట్టెలా ఉన్నప్పుడే గీకుతారు. జారి మూలలోకి దిగుతారు. గుండ్రంగా చెక్కేశామనుకుంటూ లోపల సన్నటి ముల్లు ఒకటి మిగులుస్తారు. అది పెరిగి కండలో గుచ్చుకుంటే వాపు, చీము. షుగరుతో పాదాలు మొద్దుబారిన మనిషికి నొప్పి కూడా తెలీదు. దుప్పటి మీద రక్తపు మరక చూసి కోడలు చెప్పాలి.

గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నానితే గోరు మెత్తబడుతుంది (పేరులోనే ఉందిగా గోరు!). పాదాలు మొద్దుబారిన వాళ్ళకు ఆ నానబెట్టడమూ వద్దు, వాళ్ళ గోళ్ళు తీసే పని డాక్టరు దగ్గరే. మిగతావాళ్ళకు పెద్ద నెయిల్ కట్టరుతో కొంచెం కొంచెంగా, అడ్డంగా, మూలలు ముట్టకుండా తీసి, అంచు ఆకురాయితో రుద్దాలి. మరీ మందమైతే గోరును మెత్తబరిచే నలభై శాతం యూరియా లేపనం ఉంది.

ఇక పిప్పిగోరు. మందంగా ఉన్న ప్రతి గోరూ ఫంగస్ కాదు. గోటిపొడి పరీక్ష చేయించాకే మందు. తేలితే డాక్టరు సాధారణంగా రాసేది టెర్బినాఫిన్ అనే ఫంగస్ మాత్ర, 250 మిల్లీగ్రాములు, రోజుకొకటి, 12 వారాలు. ముందే లివర్ పరీక్ష. ఫంగస్ చచ్చినా కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది, ఏడాదిన్నర. మూడో నెలలోనే "మందు పనిచేయలేదు" అని తిట్టేవాళ్ళే ఎక్కువ. ఈలోగా తమరు తాతగారి ఫంగస్‌ను నానమ్మ వేలికి మోసుకెళ్తూనే ఉంటారు.

గోటి మీద నల్ల మచ్చ కనబడితే మాత్రం గీకకండి. దెబ్బకు గడ్డకట్టిన రక్తమైతే గోరుతో పాటు ముందుకు జరిగిపోతుంది. జరగకుండా గీతలా నిలిచి, వెడల్పై, పక్క చర్మానికి పాకితే చర్మవైద్యుడికి చూపించాలి, అదీ ఆ వారంలోనే.

తమరి కోసం ఖాళీ మాత్రల డబ్బా సిద్ధంగా ఉంది. మూత బిగించి పంపుతాం, చెత్తబండి మనిషి వేలు తెగకుండా.

ఇట్లు,
కుడికాలి బొటనవేలు తరఫున