మజ్జిగ పెడితే మెషీన్ నడుస్తుందా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆఫీసు. స్నాక్స్ మెషీన్ కాంట్రాక్టు మళ్లీ రాసుకోవాలి. మెషీన్‌లో సరుకును ముందుకు తోసి కింద పడేసే 60 స్ప్రింగుల్లో 30 ఖాళీ చేసి, చిప్స్, కోలా బదులు మజ్జిగ, వేయించిన శెనగలు, పళ్లు, మొలకలు నింపాలని క్యాంటీన్ కమిటీ కాగితం పెట్టింది. కమిటీ తరఫున వచ్చినావిడది కర్నూలు, మెషీన్లు నడిపే ఆయనది మదనపల్లె. తగువంతా తెలుగులోనే సాగింది.

ఆపరేటర్: సగం మెషీన్ మీ ఆరోగ్యానికి రాసిస్తే నాకు చేతి చమురు వదులుతుంది మేడమ్. వేరేచోట ఇట్లాగే అరటిపళ్లు పెట్టించారు. రెండ్రోజులకు తొక్క నల్లబడింది. ఒక్కటీ పోలేదు. మజ్జిగా అంతే.

కమిటీ: నల్లబడక ఏం చేస్తుందన్నా? అరటిపండు 13 డిగ్రీల కంటే చల్లదనం ఓర్చుకోదు. మీరు దాన్ని 4 డిగ్రీల పెట్టెలో పెట్టారు. జనం పళ్లు తినరని దాన్నిబట్టి ఎలా తేలుస్తారు? అరటి మెషీన్ పక్కన బుట్టలో ఉండాలి, క్యూఆర్ కోడ్ అంటించి. లోపల పెట్టాలంటే యాపిల్, అదీ దొర్లకుండా చిన్న డబ్బాలో.

ఆపరేటర్: మరి కోసిన బొప్పాయి, మొలకలు అని రాశారే? అలాంటివి 5 డిగ్రీలు దాటకూడదు. దాటితే అమ్మకం దానంతటదే ఆగిపోయే లాక్ నా మెషీన్‌లో లేదు. రాత్రి కరెంటు పోయి వచ్చిందనుకోండి, పొద్దున డబ్బా చూస్తే బాగానే ఉంటుంది. తిన్నవాడి కడుపుకి ఎవరు జవాబు చెప్పాలి?

కమిటీ: ఆ రెండూ కొట్టేస్తున్నా.

(కొట్టేయాల్సిందే. మొలకలొచ్చే తడీ వెచ్చదనమే బ్యాక్టీరియాకూ కావాలి. కమిటీల జాబితాల్లో మాత్రం మొలకలు మొదటి వరుసలో ఉంటాయి!)

ఆపరేటర్: అసలు ఇది స్కూలు కాదు కదా. స్కూళ్లకైతే 2020లో దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ రూలు పెట్టింది, కొవ్వూ చక్కెరా ఉప్పూ ఎక్కువున్నవి ఆవరణలోనూ, చుట్టూ 50 మీటర్ల లోపూ అమ్మకూడదని. ఇక్కడున్నది పెద్దవాళ్లు.

కమిటీ: పెద్దవాళ్లే. కానీ సాయంత్రం ఆరుకి కిందికి దిగే తీరిక లేనివాళ్లు. వాళ్ల ముందున్నది మీ మెషీన్ ఒక్కటే. 300 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 32 గ్రాముల చక్కెర. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉందని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే తేల్చింది.

ఆపరేటర్: ఆ 10 కోట్లమందీ నా మెషీన్ దగ్గరే తెచ్చుకున్నారా? మీ టీ మెషీన్ సంగతి చెప్పండి ముందు. అందులో పోసే ప్రీమిక్స్, అంటే అన్నీ ముందే కలిపిన టీ పొడి, ప్యాకెట్ తిప్పి చూడండి. పదార్థాల జాబితాలో బరువు ఎక్కువున్నది ముందు రాయాలని రూలు. మొదటి రెండు మూడు పేర్లలోనే చక్కెర ఉంటుంది. రోజుకు నాలుగు కప్పులు తాగుతారు. ఫ్రీ కాబట్టి కనబడదా?

కమిటీ: అది వేరే కాంట్రాక్టు.

ఆపరేటర్: నాలుకొకటే కదా మేడమ్!

కమిటీ: సరే, చక్కెర లేని ప్రీమిక్స్ తెప్పించి, పక్కన చక్కెర పొట్లాలు పెట్టిస్తాం. టీ మెషీన్ మిక్సింగ్ గిన్నె రోజూ కడగరు, పాలపొడి గట్టిపడి వాసనొస్తోంది. ఆ గొడవ కూడా నాదే. ఇప్పుడు మీ మెషీన్ దగ్గరికి రండి. మజ్జిగ పోలేదన్నారు, పాకెట్ పెడితే ఎలా పోతుంది? పాకెట్ స్ప్రింగు మలుపుల మధ్య జారి మడతపడుతుంది. డబ్బు తెగుతుంది, సరుకు పడదు, సెన్సర్‌కి ఏమీ తగలదు, రీఫండ్ మొదలవుతుంది. రెండుసార్లు అలా అయితే మూడోసారి ఆ నంబరు ఎవరూ నొక్కరు. 200 మిల్లీలీటర్ల టెట్రా ప్యాక్ పెట్టండి, నిలబడుతుంది, చల్లదనం తప్పినా పాడవదు. బరువుంటుంది కాబట్టి కింది ట్రేలో. శెనగల ప్యాకెట్ పలచన, దానికి మలుపులు దగ్గరగా ఉన్న స్ప్రింగు వేయాలి. చిప్స్ స్ప్రింగులో వేస్తే వాలిపోయి అద్దానికి ఆనుకుని ఆగుతుంది. ప్రతి కొత్త సరుకూ అమ్మకానికి పెట్టేముందు మూడుసార్లు దించి చూడండి. కంటికెదురుగా ఉండే ట్రేలో ఇప్పుడు చిప్స్ ఉన్నాయి, అక్కడ శెనగలూ పల్లీలూ రావాలి. ఇక మీ కుర్రాడు కొత్త సరుకు ముందు ఖాళీల్లో గుచ్చి పోతున్నాడు. పాతది వెనకే ఉండి తేదీ దాటుతోంది. పాతది ముందుకు జరిపి కొత్తది వెనక పెట్టాలి. మీరు లెక్కలో చూపించిన వేస్టేజ్‌లో ఎంత జనం కొననిది, ఎంత వాడు వెనక వదిలేసింది?

ఆపరేటర్: కుర్రాణ్ణి అనకండి. బొమ్మనహళ్లి గోడౌన్ నుంచి సిల్క్ బోర్డు, మారతహళ్లి ట్రాఫిక్ దాటుకుని వచ్చేసరికి సగం పూట పోతుంది. స్ప్రింగు నింపడానికి 20 రూపాయల ప్యాకెట్‌కీ 40 రూపాయల కోలా డబ్బాకీ కష్టం ఒకటే. పైగా చిక్కీ కూడా రాశారు. బెల్లం చక్కెర కాదా?

కమిటీ: ఒక్క స్ప్రింగు చాలు చిక్కీకి. ధర దగ్గరికొద్దాం. అమెరికాలోని మిన్నెసోటాలో 12 హైస్కూళ్లు, 12 ఆఫీసుల్లోని 55 మెషీన్లలో చేసిన ప్రయోగం 2001లో అచ్చయింది. కొవ్వు తక్కువున్న చిరుతిళ్ల ధర 10 శాతం తగ్గిస్తే అమ్మకం 9 శాతం పెరిగింది. 25 తగ్గిస్తే 39, సగానికి సగం తగ్గిస్తే 93. మెషీన్ మీద సగటు లాభం దెబ్బతినలేదు.

ఆపరేటర్: అక్కడ చిప్స్ మీద పెంచి శెనగల మీద తగ్గించుకోవచ్చు. ఇక్కడ ప్యాకెట్ మీద ఎమ్మార్పీ అచ్చేసి ఉంటుంది. కోలా మీద రూపాయి ఎక్కువేస్తే తూనికలు కొలతల వాళ్లు కేసు రాస్తారు. తగ్గించడానికే దారి. ఆ తేడా ఎవరి జేబులోంచి?

కమిటీ: మా జేబులోంచే. మెషీన్ పెట్టిన స్థలానికి అమ్మకాల్లో 10 శాతం మాకిస్తున్నారు కదా, అది వదులుకుంటాం. 40 రూపాయల డబ్బా మీద 4, తగ్గించి 15కి అమ్మిన 20 రూపాయల శెనగల మీద 1.50. రెండూ ఒక్కోటి పోతే కలిపి 5.50, తగ్గింపు 5. సరిపోయింది.

ఆపరేటర్: శెనగలే ఎక్కువ పోతే? మీకు కావాల్సిందీ అదే కదా!

కమిటీ: (కాసేపు లెక్క చూసుకుని) నెలాఖరున తేడాకి బిల్లు పంపండి. 30 కాదు, మొదట 18 స్ప్రింగులతో మొదలుపెడదాం. ఒక సరుకు మూడు వారాలు కదలకపోతే మార్చుకునే హక్కు మీది, మళ్లీ చిప్స్ పెట్టే హక్కు మాత్రం లేదు.

ఆపరేటర్: శని, ఆదివారాలు మీవాళ్లు ఫ్లోర్ కరెంటు తీసేస్తారు. సోమవారం పొద్దున వెచ్చటి మజ్జిగ ఎవరు కొంటారు?

కమిటీ: ఆ ప్లగ్గు యూపీఎస్ లైన్‌కి మార్పిస్తాం.

ఆపరేటర్: కంప్రెసర్ స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటుకి మీ యూపీఎస్సే ట్రిప్ అవుతుంది మేడమ్, కంప్యూటర్లతో సహా. జనరేటర్ లైన్ అడగండి. అది కూడా కాంట్రాక్టులో రాయించండి.