పుట్టలో మూడో కాలు

వేళ్లు ఇంకా సరిగ్గా వంగడం లేదు, కాబట్టి ముందు కథ గబగబా చెప్పేస్తాను. ఉండేది డల్లాస్ దగ్గర. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్క భర్త, ఈమధ్య వేటలో పడ్డాడు. నేనాయన్ని అన్నయ్యా అంటాను, ఆయన నన్ను బ్రదర్ అంటాడు. ఆయనకి పట్టిన పిచ్చి ఏదైనా కొన్నాళ్లకి మా గరాజ్‌లో తేలుతుంది. మాంసం పొగపెట్టే స్మోకరూ, కయాకూ అలా వచ్చినవే. ఆయనకి తెలిసిన ఒకాయన రాంచ్‌లో అడవిపందులు పచ్చికంతా తవ్విపోస్తున్నాయట. టెక్సాస్‌లో ప్రైవేటు భూమి యజమాని సరేనంటే చాలు, 2019 నుంచి పందులకి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం నీడలో పెరిగినవాణ్ని కదా, నాకు మొదట్లో జంకుగానే ఉండేది. తర్వాత రైఫిల్ కొన్నాను. మధ్యలో ఏం జరిగిందో మా ఆవిడని అడక్కండి.

"రైఫిల్ ఎవరైనా కొంటారు బ్రదర్, దాన్ని కదలకుండా నిలబెట్టేదేంటి?" అన్నాడు అన్నయ్య.

బోర్లా పడుకుని రెండు కాళ్ల బైపాడ్ మీద కాల్చొచ్చు కదా అన్నాను. ఆ రాంచ్‌లో మోకాళ్లు దాటిన గడ్డి. పడుకుంటే రైఫిల్ మీదుండే దుర్భిణిలో, అదే స్కోప్‌లో, కనిపించేది గడ్డి పరకలే. చెట్టుకి ఆనించుకుందామంటే అక్కడున్నవి మెస్కీట్ చెట్లు. మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టాలు, ముళ్ల విషయంలో ఆ చుట్టరికం బాగా తెలుస్తుంది. కాబట్టి మూడు కాళ్ల ట్రైపాడ్ కొనాల్సిందే.

ఇక క్లాసు మొదలైంది. సెంటర్ కాలమ్ ఉన్నది కొనకూడదట. ఆ మధ్య కర్ర పైకి లేపితే కాళ్లు మూడున్నా బరువంతా ఒక్క కర్ర మీదే ఊగుతుంది. కాళ్ల గొట్టం 32 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. ఒక్కో కాలికి నాలుగు ముక్కల కంటే మూడు ముక్కలు నయం, ఎన్ని అతుకులు తగ్గితే అంత గట్టి. కాళ్లు చాపేటప్పుడు లావుగా ఉండే పై ముక్క ముందు, సన్నటిది చివర. అల్యూమినియం చవకే కానీ బరువు, పైగా తట్టితే కాసేపు వణుకుతూనే ఉంటుంది. కార్బన్ ఫైబర్ ఆ వణుకుని త్వరగా మింగేస్తుంది. ఎటుపడితే అటు తిరిగే బాల్ హెడ్ కెమెరాకి బాగుంటుంది కానీ పైన రైఫిల్ ఉన్నప్పుడు మరను కాస్త ఎక్కువ వదులు చేస్తే మొత్తం పక్కకి ఒరిగిపోతుంది, అందుకని కొద్దిగా మాత్రమే వంగే లెవెలింగ్ బేస్. దాని మీద రైఫిల్‌ని పట్టుకునే ఆర్కా క్లాంప్, రైఫిల్ కింద దానికి సరిపడే 38 మిల్లీమీటర్ల పట్టా.

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నా మంట అదే. అబద్ధమైతే తిట్టుకోవడానికైనా ఉండేది.

డబ్బా మీద 25 కిలోలు మోస్తుందని రాసి ఉంది. స్కోప్‌తో కలిపి నా రైఫిల్ నాలుగున్నర కిలోలు. ఈ 25 కిలోల లెక్క ఎవరు, ఎక్కడ, ఏ నేల మీద నిలబెట్టి తూచారో మాత్రం డబ్బా మీద లేదు. బిల్లు చూసి మా ఆవిడ, "తుపాకీ కన్నా దాని స్టాండ్‌కే ఎక్కువైందేంటి?" అంది. అన్నయ్యని అడగమన్నాను. ఆయన్ని అడిగితే గంటసేపు చెప్తాడని తెలిసి ఊరుకుంది.

ఆఖరి సలహా పాదాల గురించి. "రబ్బరు పాదాలు జారతాయి బ్రదర్. తీసేసి ఇనప మేకులు బిగించు. భూమిలోకి దిగితే ఇక కదలదు." బిగించాను. గుర్తుపెట్టుకోండి, భూమిలోకి దిగితే.

శనివారం సాయంత్రం రాంచ్‌కి వెళ్లాం. గాలి మా వైపే వీస్తోంది. పందులకి చూపు అంతంతమాత్రమే కానీ ముక్కు మాత్రం గట్టిది కాబట్టి అది మంచి శకునం. పొద్దు వాలుతుండగా మెస్కీట్ల వెనక నుంచి పందులు వచ్చాయి, 150 గజాల దూరంలో. అన్నయ్య నా ఎడమ పక్కన కంచె దగ్గర. నేను ఒక మోకాలు నేల మీద ఆనించి, ట్రైపాడ్ ఒక కాలు ముందుకి, రెండు నా వైపుకి పెట్టి, నేర్పినట్టే ఒళ్లంతా దాని మీదికి ఆనించాను. స్కోప్‌లోని గురి గుర్తు, అదే క్రాస్‌హెయిర్, ఒక పెద్ద పంది చెవి దగ్గర ఆగింది. ఆగిందంటే, నిజంగా ఆగింది. పెట్టిన ప్రతి డాలరూ కళ్లముందు కనిపించింది.

తర్వాత అది చెవి నుంచి మెల్లగా భుజం మీదికి వచ్చింది.

ఊపిరి వల్ల అనుకున్నాను. ఊపిరి బిగబట్టాను. క్రాస్‌హెయిర్ భుజం నుంచి కడుపు మీదికి, కడుపు నుంచి గిట్టల మీదికి దిగింది. ఒక క్షణం పందే లేచి నిలబడుతోందేమో అనిపించింది. కూర్చుంటే కదా లేవడానికి, అది ముందు నుంచీ నిలబడే ఉంది. కాలి లాక్ జారుతోందేమోనని చేత్తో తడిమి బిగించాను. గట్టిగానే ఉంది. ఇప్పుడు క్రాస్‌హెయిర్ పంది కింది గడ్డిలో ఉంది.

తీరిగ్గా ఆలోచిస్తే లెక్క చాలా తేలిక. ముందు కాలు అర సెంటీమీటరు దిగితే చాలు, 150 గజాల దూరంలో గురి దగ్గర దగ్గర మీటరు కిందికి పోతుంది. కానీ ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది లెక్క కాదు, అన్నయ్య పాఠం. కదులుతోందంటే బరువు సరిగ్గా వేయలేదన్నమాట. ఇంకా గట్టిగా ఒరిగాను. మేకు ఇంకాస్త మెత్తగా, ఎంతో హాయిగా దిగింది.

ఆ మెత్తదనం ఫైర్ యాంట్స్ పుట్టది. ఈ ఎర్రచీమలు ఇక్కడివి కావు. 1930ల్లో దక్షిణ అమెరికా నుంచి ఓడల్లో అలబామాలోని మొబీల్ రేవుకి వచ్చి, అక్కణ్నుంచి దక్షిణాది రాష్ట్రాలన్నీ ఆక్రమించుకున్నాయి. మామూలు చీమలపుట్టకి పైన కన్నం ఉంటుంది, చూస్తే తెలుస్తుంది. వీటి పుట్టకి నెత్తిన కన్నం ఉండదు, ఎవరో తవ్విపోసిన మట్టిలా అమాయకంగా ఉంటుంది. మర్యాదగా బోర్డయినా పెట్టుకోవు.

ఏడు చేపల కథలో రాజుగారి కొడుకులు ఏడుగురూ వేటకి వెళ్తారు, గుర్తుందా? ఒక చేప ఎండదు. ఎందుకెండలేదని గడ్డిమోపునీ, ఆవునీ, పాలేరునీ, అవ్వనీ, పిల్లాణ్నీ వరసగా నిలదీస్తూ పోతే చివరికి చీమ దొరుకుతుంది. వేటతో మొదలైన విచారణ చీమ దగ్గర తేలుతుందని చిన్నప్పుడే చెప్పి పెట్టారు, నేనే పట్టించుకోలేదు. పైగా ఆ చీమ పెద్దమనిషి. నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అని అడుగుతుంది. ఇవి అడగవు. నల్లటి కార్బన్ ఫైబర్ కాలి మీద ఎర్రటి వరస ఒకటి క్యూలో వచ్చినంత క్రమశిక్షణతో పైకి ఎక్కుతోంది. నేల మీది మోకాలి నుంచి ఇంకో వరస. కోరతో చర్మం పట్టుకుని, ఒంటిని గుండ్రంగా తిప్పుతూ అదే చీమ నాలుగైదు చోట్ల కుడుతుంది. మొదటిది కుట్టినప్పుడు ఏదో అనుకున్నాను. తర్వాత అన్నీ ఒకేసారి.

ఇప్పుడు సమస్య చూడండి. చేతులు విదిలించాలంటే రైఫిల్ వదలాలి. రైఫిల్ వదిలితే, ముందు కాలు కూరుకుపోయిన ట్రైపాడ్ స్కోప్‌తో సహా ముందుకి బోర్లా పడుతుంది. స్కోప్ ధర మా ఆవిడకి ఇప్పటికీ తెలియదు. బోల్టు ఇంకా మూయలేదు, తూటా ఉండే ఛాంబర్ ఖాళీ, ఆ సాయంత్రం సక్రమంగా ఉన్నది అదొక్కటే. రెండు చేతుల్తో రైఫిల్ పట్టుకుని, ఆ రెండు చేతుల మీదా చీమల్ని మేపుతూ, "అన్నయ్యా" అన్నాను గొంతులోనే.

"కదలకు," అన్నాడు గుసగుసగా.

"అన్నయ్యా, చీమలు."

"కదలకు బ్రదర్, పందులు చూస్తాయి."

"అన్నయ్యా!"

"ష్! చెప్పానా, బరువు దాని మీద వెయ్యి."

ఆ తర్వాత బెల్టు ఎప్పుడు విప్పానో, ఒక బూటు కంచె అవతలికి ఎలా పోయిందో, నేను అరిచింది ఏ భాషలోనో, అవన్నీ ఇక్కడ అనవసరం. రైఫిల్ మాత్రం కింద పెట్టాను, మెల్లగా, మూతి పక్కకి తిప్పి. అరుపు మొదలవకముందే అటు పక్కన ఒక్క తూటా పేలింది. పంది అక్కడే పడింది.

చీమల్ని దులుపుకుంటూనే అటు చూశాను. అన్నయ్య రైఫిల్ కంచె గుంజ మీద ఉంది. దాని కింద ఒక పాత సాక్సు. సాక్సు నిండా సోనామసూరి బియ్యం, పైన మూతికి వాళ్లావిడ జడ రబ్బరు బ్యాండు.

"ట్రైపాడ్ ఏది అన్నయ్యా?" అన్నాను.

"నేను కొనలేదు బ్రదర్, చాలా కాస్ట్లీ కదా," అన్నాడు.

దారిలో కారులో కాసేపు ఊరుకున్నాడు. తర్వాత, "చీమలు నీ దగ్గరికే ఎందుకొచ్చాయంటావ్? నేనూ పక్కనే ఉన్నాగా," అన్నాడు. నిజంగా సందేహం తీర్చుకోవడానికే అడిగాడు, పాపం. మర్నాటికి కుట్టిన చోటల్లా తెల్లటి చీము పొక్కు లేచింది. గిల్లకూడదట. అదీ ఆయనే చెప్పాడు.

ఇవాళ పొద్దున మెసేజ్ పెట్టాడు. వచ్చే ఆదివారం వాళ్లమ్మాయి సీమంతం, వీడియో కోసం గట్టి ట్రైపాడ్ కావాలట, ఎలాగూ నువ్వు వాడట్లేదుగా అని. ఇస్తానన్నాను. మేకులు తియ్యను. వాళ్ల హాల్లో ఈమధ్యే కొత్త హార్డ్‌వుడ్ ఫ్లోర్ వేయించారు.