పచ్చగోడకు నీళ్ళు పోసేదెవరు?

మా అపార్ట్‌మెంటు గేటు దాటగానే ఎడమవైపు పదిహేను అడుగుల ఎత్తున ఒక పచ్చటి గోడ కనిపిస్తుంది. వచ్చిన చుట్టాలు దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. ఆకును తాకి చూసిన పిల్లలు మాత్రం "అమ్మా, ఇది ప్లాస్టిక్‌ది" అని చెప్పేస్తారు. నాలుగేళ్ళ క్రితం మేము పాలు పొంగించుకున్న రోజున అక్కడ నిజమైన మొక్కలే ఉండేవి. బిల్డరు బ్రోషరులో మొదటి పేజీ బొమ్మ అదే, మా చేత అడ్వాన్సు కట్టించిన బొమ్మ కూడా అదే.

ఆ మొక్కలు ఎలా పోయాయో నేను దగ్గరి నుంచే చూశాను, ఆ ఏడాది అసోసియేషన్ కోశాధికారిని నేనే కనుక. ఇనుప చట్రానికి అరచేతిలో పట్టేంత కుండీలు వరుసలుగా తగిలించి, ఒక్కొక్క దానిలో గుప్పెడు కొబ్బరిపొట్టు నింపి, పైనుంచి డ్రిప్ గొట్టం లాగారు. మా బోరు నీటికి స్నానాల గది కుళాయిలే నెల తిరగకుండా తెల్లటి పొర కడతాయి. అదే నీటిని సూదిబెజ్జమంత రంధ్రాల గుండా పంపితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. ఎండిన వరుసలో డ్రిప్పరు ఒకటి పీకి గోటితో గీకితే సున్నపు పెచ్చు ఊడి వచ్చింది. నేలలో పెరిగే మొక్కకు ఒకటి రెండు రోజులు నీళ్ళు అందకపోయినా వేరు కిందికి దిగి తడిని వెతుక్కుంటుంది. గుప్పెడు పొట్టులో బతికే మొక్కకు దిగడానికి చోటెక్కడిది? రెండో వేసవిలో, మే నెల పడమటి ఎండకు, పై వరుసలన్నీ మాడి అప్పడాల్లా గలగలలాడాయి. ట్యాంకర్లకే డబ్బు చాలని ఆ నెలలో కొత్త మొక్కలకు అంచనా కాగితం వచ్చింది. దాని అడుగున ఉన్న అంకె చూసి కమిటీ ఏకగ్రీవంగా ప్లాస్టిక్‌ను ఎంచుకుంది. నేనూ చెయ్యెత్తాను, దాచుకోవడం ఎందుకు?

నిలువు తోటలు ఎక్కడా బతకవని నేను అనడం లేదు. ఇటలీలోని మిలాన్‌లో స్టెఫానో బోయెరి రూపొందించిన బోస్కో వెర్టికాలె జంట భవనాలు 2014లో పూర్తయ్యాయి. వాటి బాల్కనీలలో సుమారు 800 చెట్లు ఈనాటికీ పెరుగుతున్నాయి. అయితే ఆ చెట్ల బాధ్యత ఏ ఫ్లాటు యజమానికీ విడిగా వదిలిపెట్టలేదు. భవనం మొత్తానికీ ఒకే నీటి వ్యవస్థ ఉంది, కొమ్మలు కత్తిరించడానికి నడుముకు తాళ్ళు కట్టుకున్న తోటమాలులు పైకప్పు మీది నుంచి దిగివస్తారు, ఆ ఖర్చంతా నివాసులు కట్టే నిర్వహణ రుసుములోనే ఉంటుంది. చైనాలోని చెంగ్డూలో ఇలాంటి ఆలోచనతోనే కట్టిన ఒక సముదాయంలో 826 ఫ్లాట్లూ అమ్ముడుపోయాయి గానీ, 2020 నాటికి కాపురానికి వచ్చినవి పది కుటుంబాలేనని వార్తలు వచ్చాయి. కత్తిరించే దిక్కులేక మొక్కలు బాల్కనీలను కప్పేశాయి, దోమలు చేరాయి. మన దగ్గర బ్రోషర్లలో మిలాన్ బొమ్మ వేస్తారు, తాళ్ళు కట్టుకున్న తోటమాలి జీతం సంగతి వేయరు.

ఇక పచ్చగోడ గాలిని శుద్ధి చేస్తుందన్న మాట ఒకటి. మా లాబీలో ఆ మాట రాసిన బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది, ప్లాస్టిక్ ఆకుల పక్కన! ఈ నమ్మకానికి మూలం 1989లో నాసా మూసిన చిన్న పెట్టెలలో చేసిన ప్రయోగం. 2019లో పాత ప్రయోగాల లెక్కలన్నీ తిరగవేసిన పరిశోధకులు, మామూలు భవనంలో వచ్చిపోయే గాలి చేసేపాటి శుద్ధిని మొక్కలే చేయాలంటే ప్రతి చదరపు మీటరు నేలకూ 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేల్చారు. అన్ని మొక్కలు పెట్టాక మంచం ఎక్కడ వేసుకోవాలి?

మొక్క నిజంగా చేసే మేలు నీడ పట్టడం, ఆకుల ద్వారా నీటిని ఆవిరిగా వదిలి చుట్టూ వేడి తగ్గించడం. పడమటి గోడ కాగకపోతే సాయంత్రం లోపల ఏసీ పని తగ్గుతుంది. ఈ లెక్క తెలిసి కట్టిన భవనం మన హైదరాబాదులోనే ఉంది. 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన, పరిశ్రమల సమాఖ్య సీఐఐ వారి గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరులో కప్పు మీద పచ్చిక ఉంది. నడుమ ముంగిలి, ఎండను వడగట్టే జాలీ గోడలు, గాలిని చల్లబరిచే గోపురాలు కూడా ఉన్నాయి. వాడిన నీటిని మొక్కల వేళ్ళ మధ్య నుంచి పారించి, శుద్ధి చేసి, మళ్ళీ తోటకే వాడతారు. నీళ్ళెక్కడివన్న ప్రశ్నకు అక్కడ నక్షా దశలోనే జవాబు ఉంది.

అంత స్తోమత లేని మాలాంటి వాళ్ళకు పందిరి ఉండనే ఉంది. మా అమ్మమ్మగారి పెంకుటింటి పడమటి వైపు దొడ్లో చిక్కుడు పాదు, దాని పక్కన రాధామనోహరం ఉండేవి. గిన్నెలు తోమిన నీళ్ళు వాటి మొదట్లోకి పారేవి, వాటి నీడన మధ్యాహ్నం మంచం వాల్చుకునేవాళ్ళు. దానికి ఎవరూ గ్రీన్ బిల్డింగ్ అని సర్టిఫికెట్ ఇవ్వలేదు. నేలలో వేరు, గోడకు జానెడు ఎడంగా తీగ పాకడానికి కంబి, ఏడాదికి రెండుసార్లు కత్తెర ఉంటే పాదు దాని బతుకు అది బతుకుతుంది. ఆకు గోడంతా అల్లుకోవడానికి రెండు మూడేళ్ళు పడుతుంది కనుక అది గృహప్రవేశం నాటి ఫొటోకు అందదు. బిల్డర్లకు నచ్చకపోవడానికి కారణం అంతేనని నా అనుమానం.

వచ్చే ఆదివారం అసోసియేషన్ సమావేశంలో ఆ ప్లాస్టిక్ ఆకులను పీకించాలని తీర్మానం పెడుతున్నాను; ఎండకు అవి ఇప్పటికే నీలంగా వెలిసిపోయాయి. గోడ మొదట్లో రెండడుగుల టైల్స్ లేపి రాధామనోహరం నాటడానికి వాచ్‌మన్‌తో మాట్లాడి ఉంచాను. ఇనుప చట్రాన్ని మాత్రం తుక్కుకు వేయవద్దంటాను, తీగ పాకడానికి పనికొస్తుంది.