బర్నార్డ్ మరిచిపోలేదు

ఆ మెసేజ్ ఈ వారంలో నాలుగోసారి వచ్చింది. ఈసారి పంపింది మా పెద్దబావగారు. వచ్చే నెల ఆయన మారిషస్ వెళ్తున్నారు కూడా, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. పోర్ట్ లూయిస్‌లోని తపాలా మ్యూజియం ఫొటో, కింద ఈ కథ: "ప్రపంచంలో మొదటి స్టాంపు ఇక్కడే ఉంది. చెక్కినవాడు సగం గుడ్డివాడు. 'పోస్ట్ పెయిడ్' అని చెక్కాల్సింది మరిచిపోయి, ఈ పోస్టాఫీసు బోర్డు చూసి 'పోస్ట్ ఆఫీస్' అని చెక్కేశాడు. ఆ తప్పు వల్లే దానికి కోట్లు. లోపల చూపించేవి నకిలీలు."

మొదటి స్టాంపు 1840లో బ్రిటన్‌లో వచ్చిన పెన్నీ బ్లాక్. మెసేజ్‌లో చెప్పిన మారిషస్ 'పోస్ట్ ఆఫీస్' స్టాంపులు 1847 సెప్టెంబరు 21న వచ్చాయి. మారిషస్‌లో ఇప్పుడు ఉన్న జంట కూడా ఆ తపాలా మ్యూజియంలో కాదు, అదే ఊళ్లోని బ్లూ పెన్నీ మ్యూజియంలో.

నాకు కోపం తెప్పించేది ఆ గుడ్డివాడి కథ. వాటిని చెక్కిన జోసెఫ్ ఆస్మండ్ బర్నార్డ్ 1838లో ఓడలో దొంగచాటుగా ఎక్కి ఆ దీవికి చేరాడు, చెక్కడం పని చేసుకుని బతికాడు. ఒక చిన్న రాగి రేకు మీద పెన్నీ స్టాంపు, రెండు పెన్నీల స్టాంపు విడివిడిగా చెక్కాడు, అదీ అక్షరాలన్నీ తిరగేసి. విక్టోరియా రాణి బొమ్మ అంచున తన పొడి అక్షరాలు జె.బి. కూడా ఇరికించాడు. చూపు ఆనని మనిషి చేసే పనా అది? మరిచిపోయినవాడు రెండుసార్లూ ఒకేలా మరిచిపోతాడా? రకానికి 500 చొప్పున వెయ్యి స్టాంపులు అచ్చయి, తపాలా వాళ్ల చేతుల మీదుగా జనానికి అమ్ముడైతే ఒక్కరూ చూడలేదా? పైగా ఫొటోలోని ఆ రాతి భవనం 1860ల్లో కట్టింది. ఇంకా పునాది కూడా పడని ఆఫీసు బోర్డు 1847లో ఎలా చదివాడండీ? స్టాంపు ఇచ్చేది పోస్టాఫీసు కాబట్టి ఆ పేరు వేశారు. 1845లో న్యూయార్క్ పోస్టాఫీసు తెచ్చిన స్టాంపు మీదా ఆ మాటే ఉంది.

అయితే 1848లో బర్నార్డే చెక్కిన తర్వాతి స్టాంపుల మీద 'పోస్ట్ పెయిడ్' అని ఉంది. అది చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నేనూ చాలా ఏళ్లు ఈ కథ నమ్మాను, మా పిల్లలకు చెప్పాను. కానీ మాట మార్చినంత మాత్రాన పాతది తప్పని రుజువు కాదు.

ధర అంటారా, వెయ్యిలో ఇప్పుడు మిగిలినవి పాతికకు కాస్త పైన. అందుకే అంత ధర.

నకిలీల మాట మాత్రం సగం నిజం. వెలుతురుకు రంగు వెలిసిపోతుందని బ్లూ పెన్నీ మ్యూజియంలో అసలు వాటి మీద గంటకు కొద్ది నిమిషాలే దీపం వేస్తారు. మిగతా సేపు కనబడేవి నకళ్లే. కానీ అసలువి అక్కడే ఉన్నాయి. 1993లో మారిషస్ సంస్థలు కొన్ని కలిసి, 20 లక్షల డాలర్లకు పైగా పోసి, వేలంలో కొని ఇంటికి తెచ్చుకున్నాయి.

బావగారూ, దీపం ఏ వేళకు వేస్తారో ముందే అడిగి వెళ్లండి.