జూనియర్ లాయర్‌కి జీతమిస్తే న్యాయం ఏమైపోవాలి?

ఈమధ్య కొంతమంది కుర్ర లాయర్లు చాలా ప్రమాదకరమైన మాట ఒకటి పట్టుకుని తిరుగుతున్నారు. పని చేస్తున్నాం కాబట్టి డబ్బులివ్వాలట. వినడానికే ఎంత అసభ్యంగా ఉందో చూడండి. నేనూ జూనియర్నే, 2023లో లాయర్‌గా ఎన్‌రోల్ (పేరు నమోదు) అయ్యా, హైదరాబాద్‌లో ఒక సీనియర్ గారి ఆఫీసులో ఉంటున్నా, అయినా సరే ఈ వాదాన్ని ఖండించకపోతే వేసుకున్న నల్లకోటుకి ద్రోహం చేసినట్టే. (కోటు మా బాబాయ్ కొనిచ్చింది. ఆయనకి కూడా ద్రోహమే.)

అసలు మనది ఉద్యోగం కాదు, వృత్తి. ఈ తేడా మొదటి నెల జీతం రానప్పుడే అర్థమవుతుంది. ప్రాక్టీస్‌లో ఉన్న అడ్వకేట్ ఎక్కడా ఫుల్ టైం జీతానికి పని చెయ్యకూడదని లాయర్లని నియంత్రించే బార్ కౌన్సిల్ రూల్. సొంతంగా వ్యాపారం చెయ్యకూడదు. పోనీ "ఇక్కడ కేసులు వాదించబడును" అని ఫ్లెక్సీ కడదామంటే ప్రకటనలు కూడా నిషిద్ధం. అంటే జీతం ఉండకూడదు, బేరం ఉండకూడదు, ప్రచారం ఉండకూడదు. పూర్వం ఇవన్నీ వదిలేసినవాళ్లని ఋషులు అనేవాళ్లు, వాళ్లకి కనీసం హాస్టల్ ఫీజు ఉండేది కాదు.

ఇంకో రూల్ కూడా ఉంది, జనానికి పెద్దగా తెలీదు. శిక్షణ ఇస్తున్నందుకు సీనియర్ డబ్బులు అడగకూడదు. చూశారా? మా సార్ మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోకుండా రెండేళ్ల పైనుంచి మాచేత పని చేయించుకుంటున్నారు. దీన్ని ఔదార్యం అనకుండా దోపిడీ అంటారేంటి ఈ పిల్లలు?

ఈ కోటు, మెడకి కట్టే తెల్ల బ్యాండ్లు, "మై లార్డ్" అనే పిలుపు, అన్నీ ఇంగ్లీషువాళ్ల దగ్గర నించి తెచ్చుకున్నవే. అక్కడ ట్రైనీ సొలిసిటర్ అని ఉంటాడు, వాడికి కనీస వేతనమైనా ఇవ్వకపోతే ఒప్పుకోరట. మనవాళ్లు ఎంత తెలివైనవాళ్లంటే, లండన్ చలికి కుట్టిన కోటుని మే నెల నాంపల్లి ఎండకి తెచ్చుకున్నారు గానీ ఆ జీతం అనే దురలవాటుని మాత్రం ఓడ ఎక్కనివ్వలేదు.

ఇక నేను చేసే మహత్తరమైన పని గురించి చెప్పాలి. పొద్దున పదింటికల్లా కోర్టులో ఉండాలి. కాజ్‌లిస్ట్‌లో, అంటే ఆ రోజు పిలిచే కేసుల వరసలో, మన ఐటెం 74 అయితే మనం 3వ ఐటెం అప్పటినించీ నిలబడాలి, ఎందుకంటే మధ్యలో 40 కేసులకి ఎవరూ రాక ఠక్కున మన నంబరు పిలిచేస్తారు, అప్పుడు సార్ ఇంకో కోర్టులో ఉంటారు, నేను లేచి "పాస్ ఓవర్ సర్, సీనియర్ హైకోర్టులో ఉన్నారు" అనాలి, అంటే మా కేసు కాసేపాగి పిలవమని. ఐదేళ్ల లా చదువు, కెల్సెన్, ఆస్టిన్ లాంటి న్యాయ సిద్ధాంతకర్తలు, రాజ్యాంగ మౌలిక స్వరూపం, అన్నీ కలిపి మరిగించి వడగడితే మిగిలిన సారం ఈ ఒక్క వాక్యమే. మొదటిసారి అది కూడా సరిగ్గా రాలేదు నాకు, "సీనియర్ పాస్ అయిపోయారు సర్" అన్నా. జడ్జి గారు పెన్ను కింద పెట్టి సంతాపంగా చూశారు.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 17 ఏమంటుందంటే, విచారణ మొదలయ్యాక ఒక పార్టీకి మూడు సార్లకి మించి వాయిదా ఇవ్వకూడదు. పరీక్షకి ఇది బట్టీ పట్టి రాశా, మార్కులూ వచ్చాయి. కోర్టుకొచ్చాక నేను పట్టుకున్న మొదటి కేసు కట్ట ఒక పార్టిషన్ సూట్ (ఆస్తి పంపకాల దావా), దానికి పడ్డ వాయిదాలు రాయడానికి డైరీలో స్థలం చాలక వెనక అట్ట మీద రాశారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత. ఈ కేసులో ఇంకా ఎవరూ ఏడుపు దాకా కూడా రాలేదు.

చదివిందేమైనా మిగిలిందా అంటే, ఐపీసీ నేర్చుకుని బయటికొచ్చామో లేదో 2024 జులై 1 నించి దాని బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చేసింది. హత్యకి 302 పోయి 103 అయింది. మోసానికి 420 పోయి 318 అయింది. "ఫోర్ ట్వంటీ గాడు" అంటే తెలుగువాడికి ఉలుకు పుడుతుంది, "త్రీ ఎయిటీన్ గాడు" అంటే బస్సు నంబరేమో అనుకుంటాడు. సీనియర్లకి పాత సెక్షన్లు నోటికి, మాకు కొత్తవి ఫోన్లో, కాబట్టి సార్ పాత నంబరు చెప్పగానే పక్కనించి కొత్తది అందించడం కూడా నా డ్యూటీలోకే వచ్చింది.

డబ్బు విషయంలో పెద్దవాళ్లు పట్టించుకోలేదని అనకండి. ఎన్‌రోల్‌మెంట్‌కి చట్టం ప్రకారం 750 రూపాయలు తీసుకోవాలి, రాష్ట్రాల బార్ కౌన్సిళ్లేమో వేలకి వేలు తీసుకునేవి, ఒడిశాలో అయితే 42 వేల పైమాటే. 2024 జులై 30న సుప్రీంకోర్టు ఇది తప్పని తేల్చింది. తప్పే గానీ ఇదివరకు కట్టించుకున్నవి వెనక్కివ్వక్కర్లేదని కూడా చెప్పింది. ఆ పేరా చదువుతున్నప్పుడు న్యాయశాస్త్రం మీద నా గౌరవం ఎంత పెరిగిందో మాటల్లో చెప్పలేను.

అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియర్లకి నెలకి పట్టణాల్లో 20 వేలు, పల్లెల్లో 15 వేలు స్టైపెండ్ ఇస్తే బావుంటుందని సర్క్యులర్ పంపింది. "బావుంటుంది" అన్న మాట గమనించండి. ఆ సర్క్యులర్ ప్రింట్ తీసి సార్ టేబుల్ మీద ఆయనకి కనపడేలా పెట్టా. సాయంత్రానికి దాని వెనకవైపు తెల్లగా ఉంది కదా అని ఒక కేసులో ఎదుటివాళ్లకి జవాబు, అంటే కౌంటర్, డ్రాఫ్ట్ రాసి నాకే టైపింగ్‌కి ఇచ్చారు. అంతకుముందు ఆంధ్రాలో 2019 డిసెంబరు 3న ప్రభుత్వం లా నేస్తం అనే పథకం పెట్టి జూనియర్లకి నెలకి 5 వేలిచ్చారు, గుంటూరులో ఉన్న నా క్లాస్‌మేట్ ఆ డబ్బులు పడినప్పుడల్లా నాకు స్క్రీన్‌షాట్ పంపేవాడు. స్నేహం అంటే అలా ఉండాలి.

వీళ్లందరికన్నా మా సీనియర్లకి పెద్ద సాయం చేసింది మాత్రం 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు. సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని మళ్లీ తెచ్చారు, ఆ ప్రాక్టీస్ చేశామని పదేళ్ల సర్వీసున్న అడ్వకేట్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు, దాని మీద జడ్జి గారి ధ్రువీకరణ ఉండాలి. ఇప్పుడు ఆలోచించండి, మూడేళ్ల తర్వాత సంతకం పెట్టాల్సిన మనిషిని మొదటి నెలలోనే జీతం అడిగే వెర్రివాడు ఎవడైనా ఉంటాడా?

ఇంట్లోవాళ్లకి ఈ పవిత్రత అర్థం కాదు. అమ్మ ఫోన్ చేసి "ఏరా, ఎంతిస్తున్నారు" అంటుంది. "నేర్చుకుంటున్నానమ్మా" అంటే "అది బళ్లో కదరా" అంటుంది. మా ఊళ్లో ఇంకో చిక్కు, అందరికీ నేను పెద్ద లాయర్నే. పండక్కి వెళ్తే అరుగు మీదే పొలం గట్టు తగాదాలు, చెక్ బౌన్స్, మేనమామ గారి అద్దెవాడు ఖాళీ చెయ్యని గొడవ, అన్నీ వినాలి, ఫీజు గారెలు. హైదరాబాద్‌లో రూం అద్దెకి అడిగితే మాత్రం "లాయరా? వద్దులెండి బాబూ, రేపు ఖాళీ చెయ్యమంటే స్టే తెస్తారు" అని తలుపేస్తారు. స్టే తేగలిగే స్థాయి ఉంటే హాస్టల్లో ఎందుకుంటా అనే పాయింటు వాళ్లకి తట్టదు.

అయినా నేనూ మనిషినే కదా, గత ఏడాది ఒక బలహీన క్షణంలో సార్‌ని నోరు తెరిచి అడిగా. "దసరా తర్వాత చూద్దాంలేవయ్యా" అన్నారు. దసరా అయ్యాక అడిగితే సంక్రాంతి అన్నారు. సంక్రాంతి అయ్యాక వేసవి సెలవులు అన్నారు. మూడు అయిపోయాయి, ఆర్డర్ 17 ప్రకారం నాలుగోది ఇవ్వడానికి వీల్లేదు. సెలవులవగానే మొదటి రోజు పొద్దున్నే వెళ్లి టేబుల్ ముందు నిలబడ్డా, ఇవాళ అటో ఇటో తేలిపోవాలని.

గుమాస్తా గారు కట్ట మీంచి తలెత్తకుండానే చెప్పారు, సార్ హైకోర్టులో ఉన్నారని.