పాత ఈస్ట్‌కు చావు లేదన్న మాట నిజం కాదు

పాత ఈస్ట్ ప్యాకెట్టును పారేయవద్దని, ఈస్ట్‌కు చావు లేదని, వేడి నీళ్లలో చక్కెర కలిపి అందులో వేస్తే పది నిమిషాల్లో నురగ వస్తుందని, నురగ వచ్చిందంటే అది కొత్తదానితో సమానమని చెప్పే వాట్సాప్ సందేశం ఒకటి హైదరాబాద్‌లో ఇంట్లో బ్రెడ్ చేసుకునేవారి మధ్య, బీరు తయారీ మీద ఆసక్తి ఉన్నవారి మధ్య బాగా తిరుగుతోంది. నురగ రాకపోతే ఇంకా చక్కెర వేయమని సలహా. అయిదు వేల ఏళ్ల నాటి ఈస్ట్‌తో బీరు కాచారన్నది సాక్ష్యం. ఇంట్లో బీరు కాచాలంటే మన రాష్ట్రంలో ఆబ్కారీ లైసెన్సు కావాలన్న సంగతిని మాత్రం అది ప్రస్తావించనే లేదు.

మొదటిది, చావు సంగతి. ఎండబెట్టిన ఈస్ట్ కణాన్ని ట్రెహలోజ్ అనే చక్కెర కొంతవరకు కాపాడుతుంది గానీ, నిల్వలో ఉన్నంతకాలం కణాలు చనిపోతూనే ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ ఇంకా త్వరగా చనిపోతాయి. ఏడాదిపాటు ఫ్రిజ్‌లో ఉన్న ప్యాకెట్టూ, మే నెల ఎండల్లో షాపు అరలో మగ్గిన ప్యాకెట్టూ తేదీ ఒకటే అయినా ఒకటి కావు. ద్రవరూపంలో అమ్మే ఈస్ట్ అయితే కణంలో దాచుకున్న గ్లైకోజెన్ అనే ఆహార నిల్వలను తానే ఖర్చు చేసుకుని మరింత తొందరగా నీరసిస్తుంది.

అసలు తప్పు నురగ దగ్గర ఉంది. నురగ వచ్చిందంటే కొన్ని కణాలు బతికి ఉన్నాయని అర్థం. ఎన్ని బతికాయో అది చెప్పదు. బ్రెడ్‌కు ఆ పరీక్ష చాలు, ఎందుకంటే పిండి ఆలస్యంగా పొంగితే మరో గంట ఆగవచ్చు. బీరుకు అలా కుదరదు. వోర్ట్ అంటే మొలకెత్తించిన ధాన్యం నుంచి తీసిన, బీరుగా పులియబెట్టే తీపి ద్రవం; అందులో కరిగిన చక్కెర చిక్కదనాన్ని ప్లేటో డిగ్రీల్లో కొలుస్తారు. 12 డిగ్రీల ప్లేటో చిక్కదనం ఉన్న 20 లీటర్ల వోర్ట్‌కు, ఒక్కో మిల్లీలీటరుకు ఒక్కో ప్లేటో డిగ్రీకి 7.5 లక్షల కణాలన్న వాడుక లెక్కన, 18 వేల కోట్ల సజీవ కణాలు కావాలి. అందులో పదో వంతే బతికి ఉన్నా గ్లాసులో నురగ కనిపిస్తుంది, కానీ వోర్ట్ పులియడం ఆలస్యమై, ఆ సందులో బ్యాక్టీరియా చేరుతుంది, లేదా పులియడం మధ్యలోనే ఆగి బీరు తీపిగా మిగిలిపోతుంది. మిథిలీన్ బ్లూ అనే రంగు చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే చచ్చిన కణాలు నీలంగా, బతికినవి రంగు లేకుండా కనిపిస్తాయి. లెక్క తేలేది అక్కడే.

ఇక చక్కెర. నీరసించిన కణానికి నత్రజని, జింకు, పొరను నిర్మించుకోవడానికి ఆక్సిజన్ కావాలి. పంచదార నీళ్లలో మొదటి రెండూ లేవు. పైగా గ్లూకోజ్ దొరికినంతసేపు మాల్టోజ్ అనే మరో చక్కెరను లోపలికి తీసుకునే ఏర్పాటును కణం అణచి ఉంచుతుంది, వోర్ట్‌లో ప్రధానంగా ఉండేదేమో మాల్టోజ్. చక్కెర మరీ ఎక్కువైతే కణంలోని నీరే బయటికి లాగబడుతుంది.

వేడి నీళ్లంటే ఎంత వేడి? పొడి ఈస్ట్‌కు సాధారణంగా 35 నుంచి 40 డిగ్రీలు చాలు, 60 దగ్గర అది చస్తుంది. వేళ్లతో చూసి అంచనా వేయకుండా థర్మామీటరు పెట్టాలి.

అయిదు వేల ఏళ్ల కథకు ఆధారం ఉంది. 2019లో ఇజ్రాయెల్ పరిశోధకులు ప్రాచీన కుండల మట్టిలోంచి ఈస్ట్‌ను వేరుచేసి, ప్రయోగశాలలో పెంచి, ఆ తర్వాతే బీరు కాచారు. కుండ రంధ్రాల్లో ఈస్ట్ తరతరాలుగా పెరుగుతూ నిలిచిందన్నది వారి భావన. తాటిచెట్టు మీది లొట్టిలో నిన్నటి కల్లు తాలూకు ఈస్ట్ ఇవాళ్టి నీరాను పులియబెడుతున్నట్టే, అక్కడ సాగింది వంశం. తిండి లేని ప్యాకెట్టులో ఏ వంశమూ సాగదు.

పాత ఈస్ట్‌ను నిజంగా లేపాలంటే లీటరు నీటికి 100 గ్రాముల మాల్ట్ ఎక్‌స్ట్రాక్ట్ (మొలకెత్తించిన ధాన్యపు రసాన్ని ఎండబెట్టిన పొడి) కలిపి, పావుగంట మరిగించి, 20–25 డిగ్రీలకు చల్లార్చి, బాగా గాలి తగిలేలా కుదిపి, మొదట పావు లీటరులో పెంచి, తర్వాత లీటరుకు తీసుకువెళ్లాలి. అడుగున తెల్లని ముద్ద పేరుకోకపోయినా, పుల్లని వాసన వచ్చినా దాన్ని పారబోయాలి. పూర్తిగా చచ్చిన బేకింగ్ ఈస్ట్‌ను వోర్ట్‌తో పాటు మరిగిస్తే కొత్త ఈస్ట్‌కు పోషకంగా పనికొస్తుంది.