సవరణ: స్పిరిట్ అంటే ఒక్కటే కాదు

వడ్రంగులు లక్క పాలిష్‌లో కలిపే స్పిరిట్, మందుల షాపులో అమ్మే స్పిరిట్ ఒకటేనని, చేతులు తుడుచుకోవడానికి ఏదైనా పర్వాలేదని పోయిన వారం రాశాను. అది తప్పు. హనుమకొండలో ఫర్నిచర్ పాలిష్ చేసే మా చిన్నాయన చదివి వెంటనే ఫోన్ చేశాడు.

రెండింట్లోనూ ఆల్కహాలే ఉండొచ్చు. కానీ పాలిష్ స్పిరిట్‌ను ఎవరూ తాగకుండా అందులో మిథనాల్ లాంటి విషం కలుపుతారు. మిథనాల్ ఒంట్లోకి వెళ్లాక ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ప్రాణమూ తీస్తుంది. చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. అందుకే ఒంటికి అది వద్దు. లక్క కరిగించడానికి మాత్రం దానికి మించింది లేదు.

‘వైట్ స్పిరిట్’ అసలు ఆల్కహాలే కాదు, పెట్రోలియం నుంచి తీసేది. ఎనామిల్ పెయింట్ పలచన చేయడానికి, బ్రష్‌లు కడగడానికి పనికొస్తుంది.

ఇంకోటి: ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదన్న మాటా తప్పే. క్రిములను చంపడంలో 70 శాతం ఆల్కహాల్ స్వచ్ఛమైనదాని కంటే మెరుగు, ప్రొటీన్లు చెడాలంటే కొంత నీరు కావాలి.

నా మాట నమ్మి పాలిష్ స్పిరిట్ వాడినవాళ్లు దయచేసి ఆపేయండి. క్షమించండి.